వర్షానుమానము – డాప్లర్ రాడార్ : న్యాయశాస్త్రదృష్టితో ఒక పరిశీలనము

ఉపోద్ఘాతము

అనుమానమనగనే అధ్యేతలకు పర్వతము, ధూమము, వహ్ని స్ఫురించుట సహజము. కాని న్యాయసూత్రములను భాష్యముతో గూడ చదివినవారికి అంతటి ప్రసిద్ధి లేని మరియొక ఉదాహరణము తెలియును. అది వర్షము. గౌతముడు ప్రథమాధ్యాయమున అనుమానమును పూర్వవత్తు, శేషవత్తు, సామాన్యతోదృష్టము అని మూడు విధములుగ జెప్పగా, వాత్స్యాయనుడు మొదటి రెండింటికిని వర్షమునే ఉదాహరించెను. మేఘములు క్రమ్ముట చూచి వాన రాగలదని తెలిసికొనుట పూర్వవత్తు. నది నిండి వడిగా పారుట చూచి ఎగువను వాన కురిసినదని తెలిసికొనుట శేషవత్తు. మొదటిది కారణమునుండి కార్యమును, రెండవది కార్యమునుండి కారణమును ఊహించుట.

నేడు తుపానులు వచ్చినప్పుడు, కుండపోతలు కురిసినప్పుడు వార్తలలో రంగురంగుల చిత్రములు కనబడుచున్నవి. అవి డాప్లర్ వాతావరణ రాడార్ అను యంత్రము పంపు చిత్రములు. ఎఱ్ఱని మచ్చ ఉన్నచోట భారీవర్షము కురియుచున్నదని చెప్పుదురు. ఈ జ్ఞానము ఎట్టిది? ప్రత్యక్షమా, అనుమానమా? అనుమానమైనచో హేతువేది, వ్యాప్తి యెట్టిది, వ్యభిచారము ఎచ్చట కలుగును? ఈ ప్రశ్నలను మన శాస్త్రపరిభాషతో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా ఒక మాట స్పష్టపఱుపవలసియున్నది. ప్రాచ్యవిద్యాలయములలో ఈ విషయములు ప్రస్తావనకు వచ్చినప్పుడు రెండు ధోరణులు కనబడుచుండును. ఇవియన్నియు మన గ్రంథములయందు ఏనాడో ఉన్నవని చెప్పుట ఒకటి. ఇట్టి విషయములతో మన శాస్త్రములకు పనిలేదని విడిచిపెట్టుట మరియొకటి. రాడార్ మన గ్రంథములలో లేదు. విద్యుదయస్కాంత తరంగములను పంపి వాటి ప్రతిధ్వనిని కొలుచుట ఇరువదవ శతాబ్దివారు సాధించిన పని. అయినను ఆ ప్రతిధ్వనినుండి వర్షమును నిశ్చయించుటలో ఎదురగు చిక్కులు మాత్రము మన నైయాయికులు సూక్ష్మముగ విచారించినవే. ఆ యెల్లను దాటకుండ ఈ పరిశీలనము సాగును.

రాడార్ పనిచేయు తీరు

బావిలోనికి తొంగి కేకవేసినచో ప్రతిధ్వని వినబడును. కేకకును ప్రతిధ్వనికిని నడుమనున్న కాలమునుబట్టి నీరు ఎంత లోతున నున్నదో ఊహింపవచ్చును. రాడార్ చేయు పనియు ఇట్టిదే. ధ్వనికి బదులు సూక్ష్మతరంగములను వాడుట భేదము. ఎత్తైన కట్టడముపై తెల్లని గుమ్మటములో ఒక పెద్ద పళ్లెమువంటి యాంటెన్నా తిరుగుచుండును. అది సెకనులో పదిలక్షలవ వంతు మాత్రము నిలుచు తరంగస్పందనమును ఒక దిక్కునకు పంపి, వెంటనే మౌనము వహించి, తిరిగివచ్చు ప్రతిధ్వనికై ఎదురుచూచును. తరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో పోవును గనుక 200 కి.మీ. దూరములోని మేఘమును తాకి తిరిగివచ్చుటకు సెకనులో వేయవవంతు కంటె కొంచెము ఎక్కువ కాలము పట్టును. ఈ కాలమునుబట్టి దూరమును, యాంటెన్నా చూచుచున్న దిక్కునుబట్టి స్థానమును, ప్రతిధ్వని బలమునుబట్టి అచ్చటి జలబిందుసముదాయమును తెలిసికొందురు. ఒక చుట్టు ముగిసిన వెనుక యాంటెన్నా ముఖమును కొంచెము పైకెత్తి మఱల త్రిప్పుదురు. ఇట్లు అనేకావృత్తులు చేసినచో కొద్ది నిమిషములలో చుట్టునుగల ఆకాశమంతయు పరీక్షింపబడును.

రెండవ ప్రపంచయుద్ధకాలమున శత్రువిమానములను కనిపెట్టుటకు రాడార్ వాడినప్పుడు వర్షమువలన వచ్చు ప్రతిధ్వనులు ఆటంకములుగ తోచినవి. యుద్ధానంతరము ఆ యాటంకమే శాస్త్రజ్ఞులకు ప్రధానవిషయమైనది. భారత వాతావరణశాఖ 1970లో విశాఖపట్టణమున తుపానులను కనిపెట్టు రాడార్‌ను నెలకొల్పెను. ఆనాటి యంత్రములు మేఘము ఎచ్చట నున్నదో, ఎంత బలముగ నున్నదో చూపెడివి కాని గాలివేగమును చూపజాలవు. వేగమును గూడ కొలువగల డాప్లర్ రాడార్‌ను ఆ శాఖ 2002లో మొదటిసారి చెన్నైలో స్థాపించెను. తరువాత కొలకత్తా, మచిలీపట్నము, విశాఖపట్టణము, హైదరాబాదు మొదలగు నగరములకును అవి వచ్చినవి. తీరమునందలి ఈ యంత్రములు సుమారు 10 సెం.మీ. తరంగదైర్ఘ్యము కలవి. 3 సెం.మీ. తరంగములు వాడు రాడార్ చిన్నది, చౌకయైనది. కాని దట్టమైన వానలో దూరిన తరంగము అందులోనే చాలవఱకు క్షీణించుటచే వెనుకనున్న వాన సరిగా కనబడదు. 10 సెం.మీ. తరంగమునకు ఆ లోపము స్వల్పము.

డాప్లర్ ధర్మము

1842లో ప్రేగ్ నగరమున క్రిస్టియన్ డాప్లర్ అను ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు ఒక సిద్ధాంతమును ప్రకటించెను. తరంగములను వెలువరించు వస్తువు మనవైపు వచ్చుచున్నచో పౌనఃపున్యము హెచ్చినట్లును, దూరముగ పోవుచున్నచో తగ్గినట్లును తోచును. స్టేషనులో ఆగక దూసుకుపోవు రైలు కూత మనలను దాటగనే స్వరము దిగజారుట అందఱకు అనుభవమే. 1845లో హాలండు దేశమున బైస్ బాలట్ అను శాస్త్రజ్ఞుడు రైలుబండిపై వాద్యకారులను కూర్చుండబెట్టి బూరలూదించి, సంగీతజ్ఞులచే స్వరభేదమును గుర్తింపజేసి ఈ సిద్ధాంతమును పరీక్షించెను. శ్రుతిజ్ఞానము భౌతికశాస్త్రమునకు సాక్ష్యము పలికిన సందర్భమిది.

వర్షబిందువులు గాలితో కొట్టుకొనిపోవుచుండును. వాటినుండి తిరిగివచ్చు తరంగపు పౌనఃపున్యభేదమును కొలిచినచో గాలివేగము తెలియును. అయితే ఈ భేదము అత్యల్పము. 10 సెం.మీ. తరంగము సెకనుకు 300 కోట్ల కంపనములు కలది. బిందువు సెకనుకు 15 మీటర్ల వేగముతో వచ్చుచున్నచో కలుగు భేదము 300 కంపనములు మాత్రమే, అనగా కోటిలో ఒక వంతు. అందుచే యంత్రము వెంటవెంట వచ్చు ప్రతిధ్వనుల దశలను పోల్చి ఈ స్వల్పభేదమును గ్రహించును.

ఇచ్చట గమనింపదగిన పరిమితులు రెండు గలవు. మొదటిది: రాడార్‌కు తెలియునది తనవైపు వచ్చు వేగము లేక తననుండి పోవు వేగము మాత్రమే. అడ్డముగ వీచు గాలి యెంత తీవ్రమైనను దానికి శూన్యవేగముగనే తోచును. రెండవది: దూరమును, వేగమును ఒక్కసారి మిక్కిలిగ కొలుచుటకు వీలులేదు. దూరమునుండి ప్రతిధ్వని వచ్చువఱకు ఆగవలెనన్నచో స్పందనముల నడుమ వ్యవధి పెరుగును. వ్యవధి పెరిగినకొలది కొలువగల గరిష్ఠవేగము తగ్గును. 10 సెం.మీ. తరంగముతో 150 కి.మీ. దూరము చూచునప్పుడు నిస్సందేహముగ చెప్పగల వేగము సెకనుకు 25 మీటర్లు, అనగా గంటకు 90 కి.మీ. మాత్రమే. 250 కి.మీ. చూడవలెనన్నచో అది సెకనుకు 15 మీటర్లకు దిగును. తుపాను గాలి ఈ హద్దు దాటినప్పుడు యంత్రము విపరీతదిక్కును చూపును. చలనచిత్రములో ముందుకు పోవు బండిచక్రము వెనుకకు తిరుగుచున్నట్లు కనబడుట ఇట్టిదే. ఈ భ్రమను తొలగించుటకు రెండు వేర్వేరు వ్యవధులతో స్పందనములను పంపి ఫలితములను సరిపోల్చుదురు.

ప్రతిధ్వనినుండి వర్షమానమునకు

ఇక ప్రధానవిషయము. రాడార్‌కు ప్రత్యక్షమైనది ప్రతిధ్వని బలము. మనకు కావలసినది గంటకు ఎన్ని మి.మీ. వాన కురియుచున్నదను జ్ఞానము. ఈ రెంటికి నడుమ వ్యాప్తి కావలెను.

చిన్న బిందువునుండి తిరిగివచ్చు ప్రతిధ్వని దాని వ్యాసముయొక్క ఆఱవ ఘాతము ననుసరించియుండును. బిందువులోని నీరు మాత్రము వ్యాసముయొక్క మూడవ ఘాతము ననుసరించును. 1 మి.మీ. వ్యాసముగల బిందువుకంటె 2 మి.మీ. బిందువులో 8 రెట్లు నీరుండును. కాని దాని ప్రతిధ్వని 64 రెట్లు. అందుచే ఒక పెద్దబిందువు 64 చిన్నబిందువులతో సమానముగ పలుకును, నీటిలో మాత్రము 8 బిందువులతోనే సమానము. ప్రతిధ్వని ఒక్కటియే అయినను వర్షము వేఱు కావచ్చునని దీనివలన తేలుచున్నది.

1948లో కెనడా దేశపు శాస్త్రజ్ఞులు మార్షల్, పామర్ అను ఇరువురు బిందువుల పరిమాణములను కొలిచి ప్రతిధ్వనికిని వర్షమునకును ఒక సంబంధమును ప్రతిపాదించిరి. నేడు ప్రసిద్ధమైన రూపములో వర్షమానపు 1.6వ ఘాతమును 200 చేత గుణించినచో ప్రతిధ్వనిమానము వచ్చును. దీనిని డెసిబెల్లులలో చెప్పుట వాడుక. ఈ సూత్రము ప్రకారము గంటకు 1 మి.మీ. వానకు 23, 10 మి.మీ. వానకు 39, 100 మి.మీ. వానకు 55 డెసిబెల్లులు వచ్చును. అయితే ఉష్ణమండలపు సముద్రవర్షములలో చిన్నబిందువులు లెక్కకు మిక్కిలిగ నుండును. అట్టి వానలకు 250, 1.2 అను సంఖ్యలుగల మరియొక సూత్రమును వాడుదురు. ఇప్పుడు 40 డెసిబెల్లుల ప్రతిధ్వని వచ్చినదనుకొందము. మొదటి సూత్రము గంటకు సుమారు 11.5 మి.మీ. వాన యని చెప్పును. రెండవది సుమారు 21.6 మి.మీ. అని చెప్పును. లింగమొక్కటే, ఫలము దాదాపు రెట్టింపు. ఏ సూత్రమును గ్రహించుటయను నిర్ణయముపై ఒక వాగు పొంగునా పొంగదా అను హెచ్చరిక ఆధారపడియుండును.

వడగండ్లు మరింత చిక్కు కలిగించును. నీటిపొర పట్టిన పెద్ద వడగల్లు మహాబలమైన ప్రతిధ్వని నిచ్చును. దానినిబట్టి లెక్కించినచో కురియని వాన కురిసినట్లు తేలును. ప్రతిధ్వని బలముగ నున్నది గనుక భారీవర్షము గలదు అను అనుమానము సోపాధికము. ప్రతిధ్వని జలబిందువులవలననే పుట్టియుండుట ఇచ్చట ఉపాధి. భారీవర్షమున్నచోట నెల్ల అది యుండును. బలమైన ప్రతిధ్వనియున్నచోట నెల్ల ఉండదు. అగ్నినిబట్టి ధూమమును ఊహించుటలో ఆర్ద్రేంధనసంయోగము ఎట్టిదో, ఇదియు నట్టిదే.

ఈ ఉపాధిని కొంతవఱకు గుర్తించు ఉపాయము ఇటీవలి యంత్రములలో గలదు. అవి అడ్డముగ కంపించు తరంగమును, నిలువుగ కంపించు తరంగమును రెండింటిని పంపును. చిన్న వానచినుకు గుండ్రముగ నుండును గనుక రెండు ప్రతిధ్వనులును సమానముగ వచ్చును. పెద్దచినుకు పడునప్పుడు గాలి ఒత్తిడిచే అడుగున చదునై, ఇడ్డెన ఆకారము దాల్చును. అప్పుడు అడ్డపు ప్రతిధ్వని హెచ్చుగ వచ్చును. దొర్లుచు పడు వడగల్లు ఇట్టి భేదమును సామాన్యముగ చూపదు. బలమైన ప్రతిధ్వని వచ్చియు రెండును సమానముగ నున్నచో అది వడగల్లని సందేహింపవచ్చును.

రోధము, ఉపఘాతము, సాదృశ్యము

న్యాయసూత్రముల ద్వితీయాధ్యాయమున, ప్రథమాహ్నికమున, అనుమానము ప్రమాణమే కాదను పూర్వపక్షము గలదు. అందు చూపిన దోషహేతువులు మూడు: రోధము, ఉపఘాతము, సాదృశ్యము. నది నిండుట ఎగువవానవలననే కానక్కరలేదు, దిగువను అడ్డుకట్ట వేసినను నిండును. చీమలు గ్రుడ్లు మోసికొనిపోవుట రానున్న వానకు గుర్తు కానక్కరలేదు, పుట్ట చెడగొట్టినను అట్లే పోవును. నెమలికూత వినబడినంతనే నెమలి యున్నదనరాదు, మనుష్యుడు అనుకరింపవచ్చును. ఇట్లు వ్యభిచారము గలదు గనుక అనుమానము అప్రమాణమని ఆక్షేపము.

రాడార్ చిత్రమును చదువువారికి ఎదురగు భ్రాంతులును ఈ మూడు తెగలలో నిమిడియుండుట విశేషము. ఈ పోలిక బోధనసౌకర్యమునకే కాని సూత్రకారుడు యంత్రమును భావించెనని చెప్పుటకు కాదు.

రోధమనగా అడ్డు. తరంగమునకు కొండ అడ్డము వచ్చినచో కొండనుండి బలమైన ప్రతిధ్వని వచ్చి, అచ్చట వాన నిలిచియున్నట్లు తోచును. కొండవెనుక నిజముగ కురియు వాన కనబడదు. విశాఖపట్టణమునకు పడమట తూర్పుకనుమలు ఉన్నవి. అట్టి ప్రదేశములలో క్రిందిచూపునకు ఈ యడ్డు తప్పదు.

ఉపఘాతమనగా సహజస్థితి చెడుట. సామాన్యముగ తరంగము భూమినుండి క్రమముగ ఎత్తునకు పోవును. కాని నేలకు దగ్గరి గాలి చల్లబడి, పైగాలి వేడిగ పొడిగ నున్నప్పుడు తరంగము క్రిందికి వంగి నేలనో సముద్రమునో తాకి తిరిగివచ్చును. ఆకాశము నిర్మలముగ నున్నను చిత్రములో వానమచ్చలు కనబడును.

సాదృశ్యమునకు పక్షులగుంపులు, మిడతలదండులు నిదర్శనములు. అవియు ప్రతిధ్వని నిచ్చును. మరియొక సూక్ష్మమైన సాదృశ్యము మేఘములోనే గలదు. మన ప్రాంతమున సుమారు 5 కి.మీ. ఎత్తున మంచుపలుకులు కరగి చినుకులగును. కరగుచున్న పలుకుపై నీటిపొర పట్టుటచే అది పెద్దచినుకు వలె పలుకును. ఆ పొరను చూచి క్రింద భారీవర్షమని భ్రమపడుట కలదు.

దీనికి తోడు భూగోళపు వంపు. 0.5 డిగ్రీల ఎత్తుతో పంపిన తరంగము 100 కి.మీ. దూరమున సుమారు 1.5 కి.మీ. ఎత్తునను, 200 కి.మీ. దూరమున సుమారు 4 కి.మీ. ఎత్తునను ఉండును. ఒక డిగ్రీ వెడల్పుగల ఆ పుంజము 200 కి.మీ. చేరుసరికి 3.5 కి.మీ. మేర విస్తరించును. అనగా దూరపు ఊరిపై రాడార్ చూచునది ఆ యూరి వాన కాదు, దానిపై నాలుగు కిలోమీటర్ల ఎత్తున నున్న మేఘభాగము. ఆ చినుకులు నేలకు చేరులోపల ఆవిరియగుటయు, గాలికి ప్రక్కకు కొట్టుకొనిపోవుటయు సంభవము.

వేగమే విశేషహేతువు

పై పూర్వపక్షమునకు సూత్రకారుడు చెప్పిన సమాధానము, దానిపై భాష్యకారుని వివరణము మిగుల విలువైనవి. కేవలము నది నిండియుండుట హేతువు కాదు. పూర్వజలమునకు భిన్నమైన క్రొత్తనీరు, ప్రవాహపు వడి, మిక్కుటమైన నురుగు, కొట్టుకొనివచ్చు పండ్లు, ఆకులు, కట్టెలు, వీటితో గూడిన నిండుదనమే హేతువు. అడ్డుకట్టవలన నిండిన నీటికి ఆ వడి లేదు. అట్లే ఏదో ఒకచోట బెదరిన చీమలు కాక, ఎల్లెడల గుంపులుగ గ్రుడ్లు మోయు చీమలే హేతువు. నిజమైన నెమలికూతలోని విశేషమును సర్పము మొదలైనవి గుర్తింపగలవు. విశేషమును గ్రహింపక సామాన్యమును పట్టుకొని ఊహించినచో ఆ యపరాధము ఊహించువానిదే కాని అనుమానముది కాదని భాష్యకారుని నిర్ణయము.

డాప్లర్ యంత్రము పాతరాడార్‌కంటె ఎందువలన మేలైనదో ఈ సమాధానముతో సులభముగ బోధపడును. పాతరాడార్‌కు నది నిండుదనము మాత్రమే తెలియును. డాప్లర్ రాడార్‌కు వడియు తెలియును. కొండనుండి వచ్చు ప్రతిధ్వని బలముగ నుండును కాని దానికి చలనము లేదు. మేఘములోని బిందువులు చలించుచుండును. అందుచే శూన్యవేగముగల ప్రతిధ్వనులను యంత్రము వేఱుచేసి తొలగింపగలదు. అయితే ఈ శోధనయందును జాగరూకత వలయును. అడ్డముగ వీచు గాలిలోని వానకును శూన్యవేగమే తోచునని పైన చెప్పితిమి. ఆ పట్టున నిజమైన వానయు కొండతోబాటు తొలగిపోవచ్చును. సముద్రతరంగములు చలించుటచే వాటి ప్రతిధ్వని ఈ జల్లెడలో నిలువక పోవచ్చును. కనుక ఒక విశేషముతోనే తృప్తిపడక, నురుగు, ఆకులు, కట్టెలవలె అనేక విశేషములను కూడబెట్టవలెను. ప్రతిధ్వని నిలువున ఎంత ఎత్తు వ్యాపించినది, క్షణక్షణము ఎట్లు మారుచున్నది, రెండు విధముల తరంగములకు ఎట్లు పలుకుచున్నది అను లక్షణములన్నియు కలిసినప్పుడే నిశ్చయము కలుగును.

తుపానుల విషయమున వేగజ్ఞానము ప్రాణరక్షకము. మచిలీపట్నమునకు తూర్పున సముద్రములో తుపానుకన్ను ఉన్నదనుకొందము. ఉత్తరార్ధగోళమున తుపానుగాలులు అపసవ్యముగ తిరుగును. కనుక కన్నునకు ఉత్తరమున గాలి రాడార్‌వైపు వచ్చును, దక్షిణమున రాడార్‌నుండి దూరముగ పోవును. చిత్రములో ప్రక్కప్రక్కన రెండు విరుద్ధవర్ణములు, నడుమ శూన్యరేఖ కనబడును. ఆ జంటను చూచి తుపానుకేంద్రమును, గాలితీవ్రతను కొద్ది నిమిషములకొకసారి గుర్తింపవచ్చును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలకొలది ప్రాణములను బలిగొన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణముకడ తీరము దాటుసరికి తీరమున డాప్లర్ రాడార్లు ఉన్నవి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్లకు సమీపమున తీరము దాటినది. ఇట్టివి తీరమునకు దూరముగ నున్నప్పుడు ఉపగ్రహములు, సమీపించిన వెనుక రాడార్లు ఆధారము. ఉపగ్రహము మేఘపు పైకప్పును చూచును. రాడార్ లోపలి గాలివానలను చూచును.

నేలపై కుండము

ఇన్ని శోధనలు చేసినను రాడార్ చెప్పు వర్షమానము అనుమితియే. దానిని సరిచూచుటకు ప్రత్యక్షము కావలెను. ఆ ప్రత్యక్షము నేలపై పెట్టిన వర్షమాపకపాత్ర. ఇచ్చట మాత్రము మన పూర్వులకు నిజమైన భాగము గలదు.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున, ధాన్యాగారమునందు అరత్నిప్రమాణపు నోరుగల కుండమును వర్షమును కొలుచుటకు ఉంచవలెనని విధించెను. సీతాధ్యక్షప్రకరణమున దేశభేదముచే వర్షప్రమాణములను గూడ ఇచ్చెను. జాంగలదేశమున 16 ద్రోణములు, అనూపదేశమున దానికి ఒకటిన్నర రెట్లు, అశ్మకదేశమున 13½, అవంతియందు 23 ద్రోణములు అని ఆ లెక్క. అశ్మకము గోదావరీతీరదేశము, నేటి బోధన్ దాని రాజధానియని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. వర్షర్తువు మొదటినెలయందును చివరినెలయందును కలిపి మూడవవంతు, నడిమి రెండునెలలయందు రెండువంతులు కురియుట మంచిదని గూడ అచ్చటనే చెప్పబడినది. వరాహమిహిరుడు బృహత్సంహితయందు హస్తప్రమాణపు కుండముతో కొలిచి, 50 పలములు ఒక ఆఢకమని లెక్కించెను. కృషిపరాశరమున పౌషమాసమును భాగములుగ జేసి, పతాక కట్టిన దండముతో గాలిదిక్కును గుర్తించు విధానము గలదు.

ఇందులో కొలతలను, ఊహలను వేఱుచేసి చూడవలెను. మేఘగర్భము ధరింపబడిన 195 దినములకు ప్రసవించునని బృహత్సంహిత చెప్పిన నియమమును నేటి వాతావరణశాస్త్రము అంగీకరింపలేదు. రాడార్‌నుబట్టి చెప్పగల భవిష్యత్తు కొద్ది గంటలు మాత్రమే. కాని కుండము మాట వేఱు. అది నేటికిని ప్రమాణమే. రాడార్ లెక్కించిన వాన కుండములలో పడిన వానకంటె ఎక్కువయో తక్కువయో చూచి, ఆ నిష్పత్తితో రాడార్ లెక్కను సవరించుట నేడు ప్రపంచమంతట గల పద్ధతి.

కుండమునకును లోపము లేకపోలేదు. 200 చదరపు సెం.మీ. నోరుగల పాత్ర ఒక చదరపు కిలోమీటరులో 5 కోట్లవ వంతును మాత్రమే కొలుచును. ప్రక్కవీధిలో కుండపోత కురిసి, పాత్రయున్న చోట చినుకు పడకపోవచ్చును. కుండము నేలను అంటియుండును కాని దూరము చూడజాలదు. రాడార్ దూరము చూచును కాని నేలను అంటజాలదు. సాంఖ్యుల పంగ్వంధన్యాయము ఈ రెంటికి చక్కగ అన్వయించును.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో జరిగినది దీని ఆవశ్యకతను తెలుపును. మైలవరపు కొండలలో పుట్టి కొల్లేరుచేరు బుడమేరు భారీవర్షములకు పొంగి, కట్టలకు గండ్లు పడి నగరములోని అనేక పేటలు మునిగినవి. వాత్స్యాయనుని నది నిండుటను చూచి ఎగువవానను ఊహించువాడు గట్టుపై నిలిచియుండును. నగరవాసికి అంత అవకాశము లేదు. నది నిండకమునుపే ఎగువను ఎంత వాన పడుచున్నదో తెలియవలెను. అందుకు ఎగువప్రాంతమంతయు చూచు రాడార్ వలయును. ఆ రాడార్ మాటను దిద్దుటకు ఎగువగ్రామములలో కుండములు వలయును. రాడార్ వచ్చినదిగదా యని కుండములను ఉపేక్షించినచో వ్యాప్తిపరీక్షకు ఆధారమే పోవును.

ఉపసంహారము

డాప్లర్ రాడార్ చిత్రములోని ఎఱ్ఱమచ్చ వర్షము కాదు, వర్షమునకు లింగము. ఆ లింగమునకు వేగము మొదలైన విశేషములు తోడైనకొలది అనుమానము బలపడును. నేలపై కుండము సంవాదము పలికినప్పుడు అది నిలుకడ చెందును. తప్పుడుహెచ్చరిక ఒక్కటి ప్రజల నమ్మకమును చెఱచును. చేయని హెచ్చరిక ప్రాణములను తీయును. కనుక హేత్వాభాసవిచారము ఇచ్చట పరీక్షాపత్రముకొఱకు వల్లెవేయు పాఠముగ నిలిచిపోరాదు.

అనుమానఖండమును బోధించు అధ్యాపకులకు ఒక విన్నపము. పర్వతవహ్నితోబాటు ఈ వర్షోదాహరణమును గూడ తరగతిలో చెప్పవలెను. రోధోపఘాతసాదృశ్యముల సూత్రములను బోధించునాడు ఒక రాడార్ చిత్రమును విద్యార్థులముందు ఉంచి, ఇందు పక్షమేది, హేతువేది, ఉపాధి యేది, విశేషమేది యని ప్రశ్నింపవలెను. అవకాశమున్న కళాశాలలవారు ప్రాంగణమున ఒక వర్షమాపకమును నెలకొల్పి, విద్యార్థులచే ప్రతిదినము ఉదయమున కొలిపించి పుస్తకమున వ్రాయింపవలెను. అర్థశాస్త్రమును చదువు విద్యార్థికి అరత్నిముఖకుండము ఎట్టిదో అప్పుడు తెలియును. న్యాయము చదువు విద్యార్థికి ప్రత్యక్షముతో సరిచూడని అనుమానము ఎంత దుర్బలమో అప్పుడు తెలియును. ఈ పనికి వ్యయము స్వల్పము. సంవత్సరములు గడచినకొలది ఆ పుస్తకమే పరిశోధకులకు ఆధారగ్రంథమగును.